తడిసిన రేకు

"మనిషి లేకపోతే చీర ఉంది కదండీ. దాని చీర మీదే పోస్తాను నీళ్ళు," అంది కృష్ణవేణి.

ఇత్తడి బిందె వాకిట్లో ఎండ పడేచోట దించి, అందులో గుప్పెడు వేపాకు, చిటికెడు పసుపు వేసింది. సఖినేటిపల్లిలో పొద్దున్నే బయలుదేరి కూతురి అత్తారింటికి వచ్చిన మనిషి. ఇంకా కాళ్ళయినా కడుక్కోలేదు.

"వద్దు చెల్లెమ్మా," అన్నాడు వియ్యంకుడు జగ్గారావు అరుగు మీంచే. "మీ అమ్మాయి అక్కడ ఆస్పత్రిలో మిషను మీద ఉంది. ఇక్కడ చీరకి స్నానం చేయిస్తామంటే నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీండి అన్నయ్యగారూ. ఇంటికొచ్చిన అమ్మవారిని సాగనంపకుండా ఉంచేసేం. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోతే దానికి ఊపిరెలా ఆడుతుంది?"

"అమ్మవారు కాదండీ బాబూ. వైరసు అన్నారు డాక్టరుగారు."

"ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నారు. ఆటలమ్మని మనం పెట్టుకున్నాం. వచ్చింది ఒకటే కదా."

జగ్గారావు లేచి, గుమ్మానికి కట్టిన వేపమండ మీద చెయ్యి వేశాడు. అది ఎండి, ఆకులు రాలి, పుల్లలు మిగిలింది. "ముందు దీన్ని పీకి పారేస్తాను. వచ్చేపోయే వాళ్ళు దీన్ని చూసి పక్కనుంచి పోతున్నారు."

"ముట్టుకోకండి! నీళ్ళు పొయ్యకుండా మండ తియ్యకూడదు."

ఇద్దరూ ఒక్కసారే వంటింటి వైపు తిరిగారు. అక్కడ జగ్గారావు భార్య బంగారమ్మ నిలబడి ఉంది.

"నువ్వు చెప్పు బంగారం," అన్నాడు జగ్గారావు. "ఈ పద్ధతులన్నీ నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

నిజమే. ఆ వీధిలో ఎవరింట్లో అమ్మవారు పోసినా ముందు బంగారమ్మకే కబురొచ్చేది. ఇంట్లో తాలింపు వెయ్యొచ్చా? మొదటి నీళ్ళు ఎప్పుడు, మూడో నీళ్ళు ఎప్పుడు? చలిమిడి ఎంత చెయ్యాలి? ఆవిడ చెప్పిందే మాట. వాళ్ళ ఇంటికి వెళ్ళి దగ్గరుండి చేయించి వచ్చేది. ఎవరి దగ్గరా తాంబూలం తప్ప ఏమీ పుచ్చుకునేది కాదు.

"మీ ఇష్టం," అంది బంగారమ్మ.

జగ్గారావు వింతగా చూశాడు. ఇలాంటి విషయంలో ఆ నోటి నుంచి ఆ మాట ఆయన ఎన్నడూ వినలేదు. మండ మీంచి చెయ్యి తీసేసి, మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

కృష్ణవేణి చెమట తుడుచుకుంటూ వచ్చి గోడకి చేరగిలబడింది. గొంతు తగ్గించింది.

"మిమ్మల్ని అనడం లేదు వదినగారూ. మీరు చెయ్యాల్సిందంతా చేసేరు. ఇటు తల్లికీ చేసేరు, అటు మందులూ మింగించేరు. రెండూ చూసుకున్న అత్తగార్ని నేను మరోచోట చూళ్ళేదు. మావైపు అందరికీ అదే చెప్తున్నాను."

"మంచినీళ్ళు తెస్తానుండండి," అంది బంగారమ్మ.

లోపలికి వెళ్ళింది గాని, నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళలేదు. దేవుడి గూటి ముందు ఆగిపోయింది. అమ్మవారి పటం వెనక ఏముందో చెయ్యి పెట్టి చూడక్కర్లేదు. పొడుగాటి తెల్లమాత్రల అట్టలు. ఒక్క మాత్రా తీసింది కాదు. పైన పసుపు, కుంకుమబొట్టు. తనే పెట్టింది.

ముందు మనవరాలు సాయిదుర్గకి పోసింది అమ్మవారు. పిల్ల వేపాకుల మీద పడుకుని, చద్దన్నం తిని, వారం తిరక్కుండా లేచి పరుగులు పెట్టింది. ఆ పిల్లకి మూడో నీళ్ళు పోసిన రోజునే కోడలు దుర్గాశ్రీ మెడ మీద పొక్కులు కనిపించాయి. కొడుకు నాగసతీష్ కొబ్బరికాయల లోడు వేసుకుని నాగపూర్ వెళ్ళి ఉన్నాడు. జగ్గారావే కొత్తపేట వెళ్ళి డాక్టరుకి చెప్పి మాత్రలు తెచ్చాడు. పెద్దవాళ్ళకి వస్తే ఊపిరితిత్తులకి పాకుతుంది, రోజుకి ఐదుసార్లు తప్పకుండా వెయ్యండి అన్నాడట ఆ డాక్టరు. మాత్రలు భార్య చేతిలో పెట్టి, ఆయన నీళ్ళు పెట్టడానికి చేలోకి పోయాడు.

"అమ్మ ఒంటి మీద ఉండగా మందులేంటమ్మా," అంది అప్పుడు బంగారమ్మ కోడలితో. "ఆవిడకి కోపం తెప్పించకూడదు. మూడో నీళ్ళు పోసేక మింగుదువుగాని. అందాకా తల్లి దగ్గరే ఉంచుతాను. పాపకి ఏ మందు వేసేం? తగ్గలేదూ?"

దుర్గాశ్రీ వేపమండల మీద అటు తిరిగి పడుకుని ఉంది. "మీ ఇష్టం అత్తయ్యగారూ," అంది.

ఆ రాత్రంతా కోడలి పక్కన కూర్చుని వేపరెమ్మతో విసిరింది బంగారమ్మ. చెడు తలచి చేసిన పని కాదు. ఇప్పుడు అదే ఆవిణ్ణి ఎక్కువ కోస్తోంది. చెడు తలచి చేసినదైతే తప్పని ఒప్పుకోవచ్చు. భక్తితో చేసినదాన్ని ఏమని ఒప్పుకోవాలి?

దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. మర్నాడు సతీష్ దారిలో ఎక్కడో లారీ ఆపుకుని ఫోను చేశాడు. వంటింట్లో పెరుగన్నం కలుపుతుంటే కోడలి గొంతు వినపడింది.

"వేసుకుంటున్నానండి. అత్తయ్యగారే టయానికి గుర్తుచేస్తున్నారు."

ఆ పూట బంగారమ్మకి ఎంత సంతోషం వేసిందో! నా మాట దక్కించింది, నా పిల్ల, అనుకుంది. కోడలి గిన్నెలో ఇంకో గరిటె మీగడ వేసి కలిపింది. మొదటి నీళ్ళయినా పొయ్యకముందే ఆయాసం ముదిరి, ఆ పిల్లని విశాఖ తీసుకుపోవాల్సి వచ్చింది.

"వదినగారూ! అబ్బాయి ఫోను!" అని కేక వినపడింది బయట నుంచి.

వీడియోలో సతీష్ మొహం పెరిగిన గడ్డంతో, పీక్కుపోయి ఉంది. వెనక విశాఖ ఆస్పత్రి నడవా, తెల్లటి గోడ. లోపల ఒక్కరినే ఉండనిస్తామంటే తను ఉండి, తల్లిని పాప కోసం ఇంటికీ, అత్తగారిని వాళ్ళ ఊరికీ పంపేశాడు.

"ఎలా ఉంది బాబూ?" అని కృష్ణవేణి ఫోను లాక్కున్నంత పని చేసింది.

"అలాగే ఉందండి. చూపిస్తానుండండి. అద్దంలోంచే."

ఫోను తిరిగింది. మంచం చుట్టూ యంత్రాలు. వాటి మధ్య ఇంతే మనిషి. తొడ దగ్గర నుంచి ఒక లావుపాటి గొట్టం బయటికి వస్తోంది. అందులో రక్తం నేరేడుపండు రంగులో ఉంది. మెడలోకి ఇంకో గొట్టం. అందులో రక్తం మందారం రంగు. మధ్యలో, చేతిలో పట్టేంత డబ్బా ఒకటి. నల్లరక్తం అందులోకి వెళ్ళి, ఎర్రగా తిరిగి వస్తోంది. ఎక్మో అంటారు దాన్ని. దుర్గాశ్రీ ఊపిరి ఇప్పుడు ఆ డబ్బాలో ఉంది.

ఆ మిషను పెట్టిన రోజు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఊపిరితిత్తిలో చాలా పల్చటి పొర ఉంటుందండి, అటు గాలి, ఇటు రక్తం, ఆ పొర వాచి నీరు పట్టేసింది అని.

"మా రేకులాగా అన్నమాట," అంది అప్పుడు బంగారమ్మ. ఆత్రేయపురంలో ఆ ఇంటి ఆడవాళ్ళ పని పూతరేకులు తియ్యడం. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగితే, రెప్పపాటులో లేస్తుంది రేకు. దుర్గాశ్రీ తీసిన రేకులోంచి చూస్తే అవతలి మనిషి మొహం కనిపిస్తుంది. ఎండిన కొబ్బరాకుల మంట దగ్గర, పొగలో, పెళ్ళయిన దగ్గర నుంచీ కూర్చుంది ఆ పిల్ల. పొగ తాగే అలవాటుందా అని డాక్టరమ్మ అడిగితే సతీష్‌కి కోపం వచ్చింది గాని, బంగారమ్మకి రేకుల పొయ్యే కళ్ళముందు మెదిలింది.

"అంతకన్నా పల్చనండి," అంది డాక్టరమ్మ.

"రేకు తడిస్తే మరి పనికిరాదండి. ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆరబెట్టినా విడవ్వు."

"ఊపిరితిత్తి ఆరుతుందండి. దానికి టైము కావాలి. ఈ మిషను జబ్బు తగ్గించదు. ఆ టైము ఇస్తుంది, అంతే."

ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతుకుతోంది బంగారమ్మ.

ఫోనులో సతీష్ మొహం మళ్ళీ వచ్చింది. "నాన్నగారూ, ఒక మాటండి. మందు మారుస్తామంటున్నారు."

"ఏం? దేనికి?"

"మాత్రలు మొదటి రోజు నుంచీ వేసుకుంది కదండీ. ఇక్కడికొచ్చేక అదే మందు సూదిలో ఎక్కిస్తున్నారు. అయినా జోరు తగ్గలేదు. అన్నాళ్ళు వాడినా తగ్గలేదంటే ఈ వైరసు ఆ మందుకి లొంగే రకం కాదేమో అంటున్నారు డాక్టరమ్మగారు. ఇంకోటి ఉందంట. ఘాటు మందు. కిడ్నీల మీద పడొచ్చంట. ఇప్పటికే అవి అంతంతమాత్రం. సాయంత్రం మొదలెడతారంట. సంతకం అడిగేరు."

జగ్గారావు ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు. "నీకేం తోస్తోంది?"

"నాకేం తోస్తుందండి? మాత్రలు వేసుకోకపోయి ఉంటే వేరే సంగతి, ఇంకొన్నాళ్ళు ఆగి చూసేవాళ్ళం అన్నారు. అమ్మా, నువ్వు దగ్గరుండి వేయించేవు కదా?"

అందరూ బంగారమ్మ వైపు చూశారు.

తల ఊపిందో, ఊపలేదో ఆవిడకే తెలియదు.

"వేయించేరయ్యా," అంది కృష్ణవేణి. "మా వదినగారు అలాంటివి మరిచిపోయే మనిషా?"

"సరేనండి. డాక్టరమ్మగారు పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తాను." ఫోను నల్లబడింది.

పక్కింట్లోంచి సాయిదుర్గ నవ్వు వినపడుతోంది. బిందెలో నీళ్ళ మీద వేపాకులు మెల్లగా తిరుగుతున్నాయి.

"ఆ మందు వద్దని చెప్పండి," అంది బంగారమ్మ.

"ఎందుకొద్దు?" అన్నాడు జగ్గారావు.

"కిడ్నీలు పోతాయంటున్నారు కదా. వద్దని చెప్పండి."

"ఊపిరి ఆడకపోతే కిడ్నీలేం చేసుకుంటాం? అంత చదువుకున్నావిడ ఆలోచించకుండా చెప్తుందా?"

"పాత మందే ఇంకొన్నాళ్ళు వెయ్యమనండి. పనిచేస్తుంది."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. నా మాట వినండి."

"ఇదిగో, ఇదే నీతో," జగ్గారావు గొంతు పెరిగింది. "పొద్దున్న నుంచీ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఊరుకున్నావు. ఇప్పుడు డాక్టరుకి నువ్వు పాఠం చెప్తున్నావు. ఏం, అమ్మవారు కల్లోకొచ్చి చెప్పిందా?"

"అన్నయ్యగారూ, అలా అనకండి," అంది కృష్ణవేణి. "కడుపు తరుక్కుపోయి అంటున్నారు. కోడలంటే ఎంత ప్రాణమో చూడండి."

ఆ మాట వినలేక బంగారమ్మ లోపలికి వెళ్ళింది.

దేవుడి గూట్లో దీపం కొండెక్కింది. వెలిగించబోయి, ఆగింది. పటంలో తల్లి మొహం ఎప్పటిలాగే చల్లగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ మొహంలో కోపం తను ఎప్పుడు చూసింది? ఎన్నడూ చూడలేదు. మందు వేస్తే అలుగుతుందని ఎవరు చెప్పారు? అత్తగారు చెప్పింది. ఆవిడకి వాళ్ళ అత్తగారు. వాళ్ళ రోజుల్లో ఈ మందు లేదు. లేనిదాన్ని వద్దనడం సులువు. వేపాకు చలవ ఇచ్చిన తల్లి మాత్రకి మాత్రం అలుగుతుందా? ఒక్కసారి, ఒక్కసారైనా, ఇలా అడిగిందా తను?

"నువ్వు అడ్డుపడలేదు తల్లీ," అంది పైకే. "నిన్ను అడ్డం పెట్టుకున్నాను."

పటం పక్కకి జరిపి, అట్టలు తీసింది. కుంకుమ వేళ్ళకి అంటింది.

అరుగు మీదికి వచ్చి, వాటిని మొగుడి ముందు పెట్టింది.

"ఒక్కటీ వెయ్యలేదండి."

జగ్గారావు అట్టల కేసి చూశాడు. అవి తను తెచ్చినవే అని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక మొహంలో రంగు పోయింది. ఒక అట్ట తీసి వెనకకీ ముందుకీ తిప్పాడు. మాట్లాడలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన తిట్టినప్పుడు ఆవిడకి ఎప్పుడూ భయం వెయ్యలేదు. ఇప్పుడు వేసింది.

"ఏంటవి?" అంది కృష్ణవేణి. ఎవరూ చెప్పకపోతే తనే వంగి చూసింది. చూసి, బంగారమ్మ వేళ్ళకి అంటిన కుంకుమ చూసింది.

"నీళ్ళు పోసేదాకా ఆగమన్నాను," అంది బంగారమ్మ. "నా మాట కాదనలేకపోయింది. నన్ను చంపెయ్యండి వదినగారూ."

కృష్ణవేణి చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకుంది బంగారమ్మ. కొడితే బాగుండుననుకుంది. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, జగ్గారావు పక్కనున్న ఫోను కేసి చూపించింది.

"ఫోను చెయ్యండి అన్నయ్యగారూ. ముందు ఫోను చెయ్యండి. తిట్టుకోడానికి బోల్డంత టైముంది. సంతకం పెట్టేస్తాడు!"

మొదటిసారి తియ్యలేదు. రెండోసారి బిజీ అని వచ్చింది. కృష్ణవేణి ఫోను తీసుకుని, తనే మళ్ళీ మళ్ళీ నొక్కింది. "అమ్మా, తల్లీ, తియ్యవే," అంటోంది. ఏ తల్లిని అంటోందో తెలియలేదు.

"ఏంటండి? లోపల ఉన్నాను," అన్నాడు సతీష్.

కృష్ణవేణి ఫోను బంగారమ్మ మొహం ముందు పెట్టింది. "మీరే చెప్పండి. మీ నోటితోనే."

"బాబూ, సంతకం పెట్టేసేవా?"

"పెడుతున్నాను. ఏం?"

"పెట్టకు. మాత్రలు దుర్గ వేసుకోలేదు. నేను వెయ్యనివ్వలేదు. ఇవిగో, ఇక్కడే ఉన్నాయి."

అటు వైపు ఏదో యంత్రం కుయ్ కుయ్ మంటోంది.

"కాదు," అన్నాడు సతీష్. "వేసుకుంటున్నానని నాతో చెప్పింది. రోజూ చెప్పింది."

"డాక్టరమ్మకి ఇయ్యి బాబూ."

కాసేపటికి ఆడగొంతు వినపడింది. "చెప్పండమ్మా. ఒక్క మాత్రైనా వేసుకున్నారా? సరిగ్గా గుర్తుతెచ్చుకుని చెప్పండి."

"ఒక్కటీ లేదండి. అట్టలు అలాగే ఉన్నాయండి."

"వేరే ఏమైనా ఇచ్చారా? పసరు, నాటుమందు?"

"ఏమీ లేదండి. వేపాకు, పెరుగన్నం. అంతేనండి."

"అయితే ఈ మందు పడడం ఇక్కడికి వచ్చాకే మొదలైందన్నమాట." ఆవిడ ఎవరితోనో ఇంగ్లీషులో ఏదో అంది. "సరేనమ్మా. ఈ సాయంత్రం కొత్త మందు మొదలెట్టను. దీనికే ఇంకా గడువు ఇచ్చి, రేపు పరీక్షలు చూస్తాను. తగ్గుతుందని మాట ఇవ్వలేను. కానీ ఈ సంగతి ముందే చెప్పాల్సింది."

"ఆయ్," అంది బంగారమ్మ.

డాక్టరమ్మ తిట్టలేదు. పని ఉండి వెళ్ళిపోయింది. ఫోను మళ్ళీ సతీష్ చేతికి వచ్చింది. అతని ఊపిరి వినపడుతోంది.

"అమ్మా. ఒక్కటి అడుగుతాను. అది నాతో అలా చెప్పినప్పుడు నువ్వు ఎక్కడున్నావు?"

బంగారమ్మ వంటింటి వైపు చూసింది. లేదని చెప్పొచ్చు. చేల్లో ఉన్నాననొచ్చు. ఎవరు చూడొచ్చారు?

"వంటింట్లో ఉన్నాను. విన్నాను బాబూ."

"విని?"

మీగడ గిన్నె కళ్ళముందు కనిపించింది.

"సంతోషించేను," అంది.

సతీష్ మెల్లగా, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు మాట్లాడినట్టు అన్నాడు. "నువ్వు ఇక్కడికి రాకమ్మా. నేను చెప్పేదాకా రాకు." ఫోను పెట్టేశాడు.

జగ్గారావు అట్టల్ని కండువాలో చుట్టి, మళ్ళీ విప్పి, ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. గుమ్మానికి ఉన్న ఎండుమండ గాలికి గోడకేసి కొట్టుకుంటోంది. దాన్ని తీసెయ్యమని ఆయనా అనలేదు, ఉంచమని కృష్ణవేణీ అనలేదు.

కృష్ణవేణి లేచింది. బిందె దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పారబోస్తుందనుకున్నారు. పారబొయ్యలేదు. పళ్ళెం ఒకటి తెచ్చి బిందె మీద మూత పెట్టింది.

"ఇవి ఎవరూ ముట్టుకోవద్దు," అంది. "చీర మీద పొయ్యను. ఎవరికి పొయ్యాలో వాళ్ళే వచ్చి పోయించుకోవాలి."

సంచీ భుజానికి తగిలించుకుంది. జగ్గారావు గాభరాగా లేచాడు.

"ఎక్కడికి చెల్లెమ్మా? పాపని తీసుకుపోతారా?"

"పాప మీ దగ్గరే ఉంటుంది అన్నయ్యగారూ. ఆటో పిలవండి. రావులపాలెంలో విశాఖ బస్సు దొరుకుతుంది." బంగారమ్మ వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని తడి లేదు. "మీరూ బయల్దేరండి."

"వాడు రావద్దన్నాడు వదినగారూ."

"అబ్బాయికి మీరు అమ్మ. దానికి నేను అమ్మని. నేను రమ్మంటున్నాను." ఒక్కక్షణం ఆగింది. "నా కూతురు కళ్ళు తెరిచేసరికి మీరు ఎదురుగా ఉండాలి. మీకోసం మొగుడితో అబద్ధమాడిన పిల్ల, మిమ్మల్ని చూసి ఏమంటుందో నేను వినాలి. అప్పుడు చెప్తాను మిమ్మల్ని ఏం చెయ్యాలో."

ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. కృష్ణవేణి ఎక్కి, ఒక పక్కకి జరిగి, పక్కన చోటు వదిలింది.

బంగారమ్మ గుమ్మం దాకా వచ్చింది. కొడుకు వద్దన్నచోటికి ఒక అడుగు, వియ్యపురాలు రమ్మన్నచోటికి అదే అడుగు. వేళ్ళకి అంటిన కుంకుమ ఎంత తుడిచినా పోలేదు. ఆ చెయ్యి చీర కుచ్చెళ్ళలో దాచుకుని, ఎండుమండ కింద అలాగే నిలబడిపోయింది.

"ఎక్కుతారా అమ్మగారూ?" అని అడిగాడు ఆటో అబ్బాయి.